చప్పిడి పంతం

దగ్గరికి జరగండి, ఇంకా జరగండి. చుట్ట కాలుస్తున్న పెద్దమనిషి పొగ అటు తిరిగి వదలాలి. గుసగుసలాడేవాళ్లు ఆపండి. నోట్లో సగం మాట ఉన్నవాళ్లు ఆ సగం మింగేయండి. మీరంతా మాట్లాడుతుంటే బద్రుద్దీన్ మాట వినబడదు. అసలే ఆయనది చిన్న గొంతు.

ఆ ఏడు మెదక్‌లో ఎండ ఎలా కాసిందంటే, ఎగురుతున్న కాకి మధ్యలో దిగి తన నీడలోనే తను కూర్చునేది. ఖిల్లా గుట్ట మీద బండలు చెమటలు కక్కాయి. మధ్యాహ్నం చర్చి గంట కొడితే ఇనుము మెత్తబడి ఠంగుమనాల్సింది థప్పుమందట. నమ్మనివాళ్లు లేచి వెళ్లవచ్చు, మిగిలినవాళ్లకు నీడ దొరుకుతుంది.

బస్టాండు దారిలో వాహెద్‌కు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. దాని పక్కనే నేలలో గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి పెట్టుకుని కూర్చునేవాడు బద్రుద్దీన్. వాహెద్‌కు చిన్నాయన. భార్య షమ్సున్నీసా పోయింది, పిల్లలు లేరు. అన్న కొడుకు ఇంట్లోనే తిండి, ఆ ఇంటి వసారాలోనే పడక. ఆయన పని ఇత్తడి గిన్నెలకు కలాయి పూయడం. కలాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే అది ఆకుపచ్చగా మారి ఇంటిల్లిపాదినీ కక్కిస్తుంది. అందుకని పూత అరగగానే ఆడవాళ్లు గిన్నెలు ఎత్తుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. బద్రుద్దీన్ గిన్నెలో ఇసుక పోసి, అందులో నిలబడి, గోడ పట్టుకుని నడుము ఇటూ అటూ తిప్పుతూ పాదాలతో తోమేవాడు. చూసేవాళ్లకు అది నాట్యం, ఆయన మోకాళ్లకు శిక్ష. తర్వాత గిన్నెను నిప్పుల మీద ఎర్రబడేదాకా కాల్చి నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ భగ్గున లేచేది. ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి దూదితో గిర్రున తుడిస్తే గిన్నె లోపల చందమామ పొడిచేది.

ఒకనాడు తిత్తి కాస్త గట్టిగా ఊదేసరికి నిప్పురవ్వ ఒకటి ఎగిరి, వాహెద్ అతుకు వేసి ఆరబెట్టుకున్న ట్యూబు మీద పడింది. ట్యూబు తుస్సుమంది.

"ఎన్నిసార్లు చెప్పాలె చిచ్చా? నీ భట్టి జర అవతలికి పెట్టుకోమంటె పెట్టుకోవు," అన్నాడు వాహెద్, మోకాళ్ల మధ్య చక్రం తిప్పి చూసుకుంటూ.

"గాలి ఇటుకెల్లి వస్తుంటె నేనేం జెయ్యాలె? పోయి గాలికి చెప్పు."

"గాలికి చెప్తె గాలి ఇంటది. నువ్వే ఇనవ్. నా ఇంట్ల ఉప్పు తింటవ్, నా మాట మాత్రం ఇనవ్."

కిరాయి సైకిలు కోసం నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. వాహెద్ పంపు అందుకుని గాలి కొట్టుకోసాగాడు. అతనికి ఆ మాట అక్కడితో అయిపోయింది.

బద్రుద్దీన్ చేతిలో దూది ఆగిపోయింది. చేతిలోని గిన్నెలో తగరం గడ్డకట్టి, చందమామకు అమ్మవారు పోసినట్టయింది.

ఆ సాయంత్రం నమాజు అయ్యాక కూడా ఆయన చాప మీంచి లేవలేదు. ఈ ఇంటి తిండి ఇక తినకూడదు. సరే, మరి ఎక్కడ తినాలి? హోటల్లో తింటే, వాహెద్ చిన్నాయనకు ముద్ద పెట్టడం లేదని ఊరు కూస్తుంది. పోయిన అన్న పేరు బజారున పడుతుంది. చివరికి దారి దొరికింది. బియ్యం అల్లా పండించినవి. కూరగాయలూ అంతే. నీళ్లు బావివి. వాహెద్ నోటితో అన్నది ఉప్పు ఒక్కటే. ఆ ఒక్కటీ మానేస్తే ఇంట్లో తిన్నట్టూ ఉంటుంది, ఎవడి ఉప్పూ తిననట్టూ ఉంటుంది. బయట తిన్నా పంతం కల్తీ అవుతుంది కాబట్టి బయట కూడా వద్దు.

పొద్దున్నే వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "దుల్హన్, ఇయ్యాల్టి సంది నా తిండిల ఉప్పు ఏయకు."

వాహెద్ భార్య తాజ్ బీ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "హాయ్ అల్లా! ఎందుకు చిచ్చా? హకీం పరహేజ్ చెప్పిండా, పత్తెం తినుమని?"

బద్రుద్దీన్ గొంతు దాకా వచ్చినదాన్ని ఆపుకున్నాడు. ఎందుకు అని అడగాల్సింది తాజ్ బీ కాదు, వాహెద్. అతను అడగాలి. అప్పుడు చెప్పాలి, అతను మళ్లీ నోరెత్తకుండా.

"ఊఁ," అన్నాడు.

తాజ్ బీ మంచి పిల్ల. ఆ రోజు నుంచి కూర ఉడకగానే, ఉప్పు వేయకముందే, చిచ్చా వంతు చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టేది. ఆయన రొట్టెల పిండి వేరుగా తడిపేది. ఎవరైనా పొరపాటున ఆ గిన్నెలో గరిటె పెడితే కయ్యానికి దిగేది. రోజూ అన్నాల వేళ దస్తర్‌ఖాన్ గుడ్డ పరవగానే బద్రుద్దీన్ తన పళ్లేన్ని కాస్త చప్పుడు చేసి పెట్టేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, గడ్డి మేస్తున్న ముసలి ఎద్దులా నిదానంగా నమిలేవాడు. ఓసారి నిట్టూర్చేవాడు. వాహెద్ వైపు చూసేవాడు. వాహెద్ మాత్రం, "మడ్గార్డులు హైద్రాబాద్ నుంచి రాలె," అని చెప్పి చేయి కడుక్కుని వెళ్లిపోయేవాడు.

చెట్ల మీది పిందెలు కాయలయ్యాయి. తాజ్ బీ మామిడికాయ తొక్కు పెట్టింది. జాడీ మూత తీస్తే ఆ వాసనకు వీధిలో పోయేవాళ్ల నడక నెమ్మదించేది. బద్రుద్దీన్ నోట్లో వరద వచ్చింది. వచ్చిన వరదను మింగి చప్పిడి పప్పు తిన్నాడు. వాహెద్ వేళ్లు నాకుతూ, "తొక్కు జబర్దస్తుగున్నది," అన్నాడు. ఎందుకు తినడం లేదని అడగలేదు.

వాహెద్‌కు చెప్పాల్సిన జవాబులు బద్రుద్దీన్ రోజూ భట్టి దగ్గర కూర్చుని తయారు చేసుకునేవాడు. తుడుస్తున్న గిన్నెలోకి వంగి, ఎవరూ వినకుండా వాటిని పలికి చూసేవాడు. "ఎవని ఉప్పురా? నువ్వు తొట్టెలల ఉన్నప్పుడు ఎవని ఉప్పు తిన్నవ్ రా?" ఇత్తడి గిన్నె ఆ మాటను కాస్త పెద్దది చేసి తిరిగి ఆయన ముఖానే కొట్టేది. ఆ ఎండాకాలమంతా బద్రుద్దీన్‌తో తీరిగ్గా మాట్లాడింది గిన్నెలే.

కాయలు పండ్లయి, రోహిణి కార్తె వచ్చింది. భట్టి ముందు కూర్చున్న మనిషికి పైన ఒక సూర్యుడు, కింద ఒక సూర్యుడు. ఆయన చొక్కా పిండితే ఒక బిందె నిండేది. ఆరిన చొక్కా మీద తెల్లటి చారలు పటాలు గీసేవి. మొదట పిక్కలు పట్టేయడం మొదలైంది. తర్వాత తలనొప్పి. అన్నం చూస్తే వికారం. నడుస్తుంటే నేల పడవలా ఊగేది. మాట మధ్యలో మాట జారిపోయేది. తగరం కడ్డీ చేతిలో పట్టుకునే తగరం కడ్డీ కోసం వెతికేవాడు.

"ఎండ తలకెక్కింది. నీళ్లు తాగు కాకా, మస్తుగ తాగు," అన్నారు దారిన పోయేవాళ్లు. తాజ్ బీ పక్కనే కడవ పెట్టింది. బద్రుద్దీన్ తాగాడు. ఎండిన చెరువులోకి తొలివాన దిగినట్టు నీళ్లు ఆయనలోకి దిగేవి. ఎంత తాగితే అంత తల బరువెక్కేది. తల బరువెక్కిందంటే ఇంకో చెంబు ఇచ్చేవాళ్లు.

ఆయనకు చదువు రాదు. గిన్నెల మీద చెక్కిన పేర్లు ఆయనకు గీతలే. సొట్టలను బట్టి, అతుకులను బట్టి ఏ గిన్నె ఏ ఇంటిదో గుర్తు పెట్టుకునేవాడు. కిష్టవ్వ గంజుకు ఊడిన చెవికి మేకు కొట్టి ఉంటుంది. రామమ్మ బగోనాకు పక్కన పెద్ద సొట్ట ఉంటుంది. అది ఆమె మొగుడు నర్సింగం తలకు తగిలి పడిన సొట్ట. ఇప్పుడు వరసగా బోర్లించిన గిన్నెలను చూస్తే, జాతరలో తప్పిపోయిన పిల్లాడికి జనం కనబడినట్టు అన్నీ ఒకే ముఖంతో కనబడ్డాయి. అడిగినవాళ్లకు అడిగినట్టు చేతికందింది ఇచ్చి పంపాడు.

మర్నాడు దుకాణం ముందు తిరునాళ్లయింది. ముందు రామమ్మ వచ్చింది.

"కాకా, గిది నా బగోనానా?"

"నీది గాకుంటె ఎవలది?"

"నా దానికి సొట్టుండాలె. ఏది సొట్ట?"

బద్రుద్దీన్ ఆలోచించాడు. "తీసేసిన," అన్నాడు.

"నా మొగని నెత్తి మీది సొట్ట గూడ తీసేసినవా మరి?"

జనం విరగబడి నవ్వారు. వెనకనే కిష్టవ్వ వచ్చి, తన గంజు బదులు ఎవరిదో పళ్లెం వచ్చిందని దాన్ని గొడుగులా నెత్తిన పెట్టుకుని మరీ నిలబడింది. బద్రుద్దీన్ అందరినీ చూసి నవ్వబోయాడు. ఏ ముఖానికి ఏ పేరో దొరకలేదు. నవ్వు సగంలోనే ఆగింది.

వాహెద్ ఎవరినీ ఏమీ అనలేదు. అందరి గిన్నెలూ ఇళ్లిళ్లు తిరిగి తనే వెతికి ఇస్తానన్నాడు. "చిచ్చాకు పెద్దతనం వచ్చింది. ఏమనకుండ్రి," అని చెప్పి, వంగి, తోలుతిత్తిని నేల మీంచి ఎత్తి, దుకాణం లోపల పాత టైర్ల పక్కన మేకుకు తగిలించాడు. మెల్లగానే తగిలించాడు. బద్రుద్దీన్ చల్లారిపోతున్న బొగ్గుల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులకు ఇంకో పని నేర్పి ఎరుగడు.

"మా మేనమామకు గిట్లనే అయితె దర్గాకు తీస్కపోయి గొలుసు ఏసి కూసోబెట్టిండ్రు," అని సలహా చెప్పింది కిష్టవ్వ.

"బాగైండా?" అడిగాడు వాహెద్.

"బాగైతె కాలే. లొల్లి మాత్రం లేకుంటయింది."

ఆ మాట వాహెద్‌కు నచ్చలేదు. కానీ మర్నాడు బద్రుద్దీన్ నీళ్ల కడవను వాహెద్ తండ్రి అనుకుని సలాం చేసేసరికి తాజ్ బీ ఏడ్చింది. వచ్చే గురువారం, జుమ్మేరాత్ నాడు, నర్సాపూర్ అడవి అవతలి దర్గాకు తీసుకుపోదామని మొగుడూ పెళ్లాం గోడ అవతల అనుకుంటుంటే బద్రుద్దీన్ విన్నాడు. అక్కడే వదిలి రావలసి వస్తే ఎట్లా అని తాజ్ బీ అంది. గొలుసు చప్పుడు అప్పుడే బద్రుద్దీన్ చెవిలో పడ్డట్టయింది. వద్దని చెప్పాలని లేచాడు. వసారా దాటి వాకిట్లోకి వచ్చేసరికి, ఎందుకు లేచాడో పోయింది. అక్కడే ఎండలో నిలబడి తన చేతులు చూసుకున్నాడు. భార్య పోయిందో ఉందో గుర్తు లేదు. తిన్నాడో లేదో గుర్తు లేదు. ఒక్కటి మాత్రం, బుడ్డి దీపంలా, పొగ మధ్యలో ఆరకుండా ఉంది: నా ఇంట్ల ఉప్పు తింటవ్, నా మాట మాత్రం ఇనవ్.

జుమ్మేరాత్ వచ్చింది. తాజ్ బీ ఆయనకు ఉతికిన షేర్వానీ తొడిగి, దారిలో తినడానికి చప్పిడి రొట్టెలు గుడ్డలో కట్టింది. వాహెద్ ఆయన భుజం పట్టుకుని బస్టాండుకు నడిపిస్తున్నాడు, మూట పట్టుకుని తాజ్ బీ వెనకే వస్తోంది. దవాఖానలో నర్సుగా పనిచేసే సువార్తమ్మ తెల్లచీరలో ఎదురుగా చరచరా వచ్చింది.

"సాయబూ, నా గిన్నె ఏది? ఇంటికి తెచ్చినదాంట్ల పిడికెడు పప్పు గూడ ఉడకదు. ఎవలింటి పిల్లలు ఆడుకునే గిన్నె ఇచ్చినవ్ నాకు?"

బద్రుద్దీన్ ఆమెను చూసి వెలిగిపోయాడు. "షమ్సున్నీసా! ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు.

సువార్తమ్మ కోపం అక్కడే పోయింది. ఇంకో మాట అనేలోపు ఆయన పిక్క మెలిపడింది. నేల మీద కూలి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నోట నురగ వచ్చింది.

"బస్సు గిస్సు వద్దు, దవాఖానకు పట్టు!" అంది సువార్తమ్మ. "దర్గా ఏడికి పోతది? రేపు గూడ ఆడనే ఉంటది."

వాహెద్ తన కిరాయి సైకిలు ఒకటి లాగి, వెనక క్యారేజీ మీద చిన్నాయనను కూర్చోబెట్టి, రుమాలుతో తన నడుముకు కట్టుకుని తొక్కాడు. ఆ సైకిలు వెళ్లిన వేగానికి దారిలో కోళ్లు ఈకలు వదిలి పారిపోయాయి.

దవాఖానలో డాక్టరుది గుంటూరు వైపు. కళ్లు విప్పి చూశాడు, మోకాలి మీద తట్టి చూశాడు, షేర్వానీ కింది చొక్కా మీద తెల్ల చారలు చూశాడు. "ఈయన ఏం తింటాడమ్మా?" అన్నాడు.

తాజ్ బీ కొంగు సర్దుకుని గర్వంగా చెప్పింది. "పరహేజ్ మస్తు గట్టిగ చేపిస్తున్న సాబ్. మామిడి పూత రాలినప్పటి సంది ఒక్క ఉప్పు పలుకు ముట్టనియ్యలే. హకీం చెప్పిండంట."

"నీళ్లో?"

"కడవలు కడవలు తాపిస్తున్నం."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒంట్లో ఉప్పు అడుగంటింది. ఉన్నది చెమటలో పోయింది, తిండిలో రాలేదు. పైగా నీళ్ల మీద నీళ్లు. ఉప్పు లేని ఒంట్లో ఆ నీళ్లు నిలవక మెదడులోకి చేరి దాన్ని ఉబ్బిస్తాయి. వయసులో ఉన్నవాడైతే కొంత తట్టుకునేవాడు. ముసలి మెదడు ఓర్చుకోలేదు. మీరు పెద్దతనం అనుకున్నది పెద్దతనం కాదు. కొంచెం ఆలస్యమైతే మనిషే దక్కేవాడు కాదు. ఉప్పు మెల్లగా ఎక్కించాలి, తొందరపడితే అదీ ప్రమాదమే."

తాజ్ బీ, రోజూ ఉప్పుకు ముందు కూర తీసి పక్కన పెట్టిన చేతిని కొంగులో దాచుకుంది.

బద్రుద్దీన్‌కు లోకం కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. ముందు పైకప్పు వచ్చింది. తర్వాత పక్క మంచం మీద ఈతచెట్టు మీంచి పడి కాలు విరిగిన గాలయ్య వచ్చాడు. ఆ తర్వాత నెత్తి మీద వేలాడే సీసా, అందులోంచి తన చేతిలోకి దిగిన గొట్టం.

"గిదేంది?"

"ఉప్పు నీళ్లు," అంది సువార్తమ్మ.

బద్రుద్దీన్ ఉలిక్కిపడి లేవబోయాడు. "ఎవల ఉప్పు?"

"సర్కారుది. పండుకో సాయబూ, సూది జరుగుతది."

సర్కారుదైతే ఫరవాలేదు. పడుకున్నాడు. ఆమె ముఖం చూసి, షమ్సున్నీసా కాదు, సువార్తమ్మ అనుకున్నాడు. షమ్సున్నీసా లేదు. ఆ సంగతి గుర్తు రావడం తెలివి వచ్చినట్టే, కానీ కాసేపు కళ్లు మూసుకుని ఉండిపోయాడు.

కళ్లు తెరిచేసరికి మంచం పక్కన వాహెద్, చేతిలో సైకిలు పంపు. ఆ పంపు దేనికంటే, హకీం నెత్తి మీద కొట్టడానికి.

"పేరు చెప్పు చిచ్చా. శంకరంపేట హకీమా, కౌడిపల్లి హకీమా? ఇయ్యాల వానికి గాలి కొట్టకుంటె నా పేరు వాహెద్ గాదు."

"ఏ హకీం చెప్పలే."

"మరెందుకు మానేసినవ్?"

వచ్చింది. పిందెలప్పుడు రాలేదు, తొక్కు పెట్టినప్పుడు రాలేదు, ఆ ప్రశ్న ఇప్పుడొచ్చింది. బద్రుద్దీన్ దిండు మీద కాస్త పైకి జరిగాడు.

"నువ్వన్నవ్ గద."

"నేనా? ఏమన్న?"

"నా ఇంట్ల ఉప్పు తింటవ్, నా మాట మాత్రం ఇనవ్ అన్నవ్. అందరి ముంగట."

"ఎప్పుడు?"

"ట్యూబు కాలిన దినం."

"ఏ ట్యూబు?"

బద్రుద్దీన్ అతని ముఖంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ వాహెద్ అబద్ధమాడితే చూపు చెప్పుల మీదికి పోతుంది. ఇప్పుడు ఆ చూపు సూటిగా ఉంది, నిజంగానే వెతుకుతోంది. అందులో ట్యూబూ లేదు, నిప్పురవ్వా లేదు, నవ్విన జనమూ లేరు. మతి పోయిందని ఊరంతా అన్న మనిషికి ఆ మాట ఒక్కటీ పోలేదు. మతి చక్కగా ఉన్నవాడికి అది ఆ పూటే పోయింది. ఎండాకాలమంతా బద్రుద్దీన్ ఒక్కడే యుద్ధం చేశాడు. అవతలివాడికి యుద్ధం మొదలైనట్టే తెలియదు.

వాహెద్ పంపు కింద పెట్టాడు. "కసమ్, యాదికి లేదు చిచ్చా. లేదన్నంత మాత్రాన అనలేదని గాదు. అన్ననే అనుకో. ఇగ నువ్వు నన్ను అను. గట్టిగ అను, ఇంట."

బద్రుద్దీన్ నోరు తెరిచాడు. గిన్నెలకు వినిపించిన జవాబులు ఎన్నో ఉండాలి, ఒకదాన్ని మించినది ఒకటి. వెతికాడు. ఒక్కటీ లేదు. నీళ్లతో పాటు ఎటు కొట్టుకుపోయాయో.

తాజ్ బీ డబ్బా మూత తీసింది. అన్నం, దాల్చా. ఇంట్లో అందరికీ వండిన గిన్నెలోంచే తెచ్చింది. వాహెద్ కలిపి, ముద్ద చేసి, సైకిలు నూనె వాసన పోని వేళ్లతో నోటి ముందు పట్టుకున్నాడు. బద్రుద్దీన్ ఆ చేతిని చూశాడు, సీసాను చూశాడు. తర్వాత ముద్ద అందుకున్నాడు. మెల్లగా నమిలాడు.

"దుల్హన్," అన్నాడు మింగి, "ఉప్పు తక్కువైంది."

తాజ్ బీ ఒక్కసారిగా నవ్వి, ఏడ్చి, ముక్కు తుడుచుకుంటూ ఉప్పు అడుక్కు రావడానికి వార్డు బయటికి పరుగెత్తింది.

ఇంతసేపూ చెవులు రిక్కించి విన్న గాలయ్య మోచేతి మీద లేచాడు. "సాయబూ, సర్కారు ఉప్పు సీసలకు సీసలు నీ నెత్తుర్ల కలిసింది. ఇగ నువ్వు సర్కారు మనిషివే, నీ భట్టి ఏడ పెట్టాల్నో తహసీల్దారే చెప్తడు. అది సరే గని, నా కాలుకు కట్టిన కట్టు గూడ సర్కారుదే గద, మరి నేను ఈతచెట్టెక్కాల్నంటె హైద్రాబాద్ నుంచి ఆర్డర్ రావాల్నా?"